బిగించే ముందు కొలవండి

రామకుప్పం మండలంలో తెల్లవారక ముందే రోడ్డెక్కే బండ్లు చాలా ఉంటాయి. రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకున్న టీవీఎస్ ఎక్సెల్‌లు, టమోటా బాక్సులు కట్టుకున్న స్ప్లెండర్లు, మల్బరీ ఆకు మూటలూ గడ్డి మోపులూ మోసే ప్లాటినాలు. వీటిని ఆఫ్‌రోడ్ బండ్లని ఎవరూ అనరు. కానీ ఇవి రోజూ తిరిగేది చెరువు కట్టల మీద, వంకల్లో, చేల గట్ల పక్కన, గుట్టల కింద రాళ్లు తేలిన బాటల్లో. సెలవుల్లో హిమాలయాలకు వెళ్లొచ్చే అడ్వెంచర్ బండి కొద్ది రోజులు పడే కష్టాన్ని ఇక్కడి పాల బండి ఏడాది పొడవునా, రోజుకు రెండు పూటలా పడుతుంది.

ఆ కష్టమంతా చివరికి చైన్ మీదే పడుతుంది. ఇంజన్లో పుట్టిన బలం వెనక చక్రానికి చేరడానికి వేలెడు వెడల్పు కూడా లేని ఆ ఉక్కు గొలుసు తప్ప వేరే దారి లేదు. అది తెగిన పూట పాలు కేంద్రానికి చేరవు, మార్కెట్టుకు కాయ పోదు. ననియాల వైపు అడవి అంచున ఏనుగులు తిరిగే బాటల్లో పొద్దుగూకాక బండి ఆగిపోతే, అప్పుడు భయం డబ్బు గురించి కాదు, ప్రాణం గురించి.

మనిషి ఎదుగుదల గురించి రాసిన ఈ పుస్తకంలో చైన్‌కు ఒక అధ్యాయం ఇవ్వడానికి కారణం ఉంది. బతుకు ఏ పనిముట్టు మీద నడుస్తోందో దాని పరిస్థితిని సొంతంగా కొలిచి తెలుసుకోగల మనిషికి నిర్ణయాలు తీసుకోవడం చేతనవుతుంది. కొలవడం రానివాడు శబ్దం వచ్చేదాకా ఆగుతాడు, శబ్దం వచ్చాక ఎవరేది చెబితే అది వింటాడు. చైన్‌ను కొలవడం నేర్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక టేపు, పావుగంట తీరిక, వేళ్లకు నూనె అంటినా పరవాలేదనుకునే మనసు ఉంటే చాలు.

మన ఊళ్లలో చైన్ వైద్యం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. "అన్నా, చైన్ టకటకమంటా ఉంది" అని బండి నిలబెడతాం. "బిగిస్తే సరిపోతుంది లేప్పా" అంటాడు మెకానిక్. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, చక్రాన్ని కాస్త వెనక్కి లాగి, మళ్లీ బిగిస్తాడు. శబ్దం ఆగుతుంది. రెండు నెలలకు మళ్లీ వస్తుంది, మళ్లీ బిగింపు. ఇక చక్రం వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడు చైన్‌లో ఒకటి రెండు లింకులు కోసేసి కలుపుతారు. శబ్దం మళ్లీ ఆగుతుంది. ఇన్ని చేసినా చైన్ బాగుపడలేదు. ఎంత పాడైందో కనపడకుండా పోయిందంతే. లింకులు కోయించుకుని ఇంకో ఏడాది నడిపించామని సంతోషపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సంతోషం ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే చైన్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

మనం చూసే చైన్‌లో పైకి కనిపించేవి పలకలు, వాటి మధ్య తిరిగే రోలర్లు. అసలు పని లోపల జరుగుతుంది. ప్రతి రోలర్ లోపల ఒక సన్నని ఉక్కు గొట్టం ఉంటుంది. దాన్ని బుష్ అంటారు. ఆ బుష్ లోపల ఒక పిన్ను ఉంటుంది. చైన్ పళ్ల చక్రం మీద వంగిన ప్రతిసారీ ఆ పిన్ను బుష్ లోపల కొద్దిగా తిరుగుతుంది. స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో ఈ బుష్ రోలర్ చైన్‌కు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందున్న చైన్లలో బరువంతా సన్నని పలకల అంచు మీద పడేది, అందుకే అవి తొందరగా అరిగిపోయేవి. రెనాల్డ్ పెట్టిన బుష్ ఆ బరువును పిన్ను పొడవునా పరిచింది. ఇప్పుడు మీ బండికున్న చైన్ కూడా దాదాపు అదే. దాని ఆయుష్షు కూడా పిన్నుకూ బుష్‌కూ మధ్య ఉండే సన్నని నూనె పొర మీదే ఆధారపడి ఉంది.

నూనె ఎండిపోతే ఉక్కు మీద ఉక్కు రాసుకుంటుంది. పిన్ను ఒక పక్క అరుగుతుంది, బుష్ లోపలి గోడ ఇంకో పక్క అరుగుతుంది. స్ప్లెండర్ లాంటి బండ్ల చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. అది 2 శాతం పెరిగిందంటే ఒక్కో లింకుకు పెరిగింది పావు మిల్లీమీటరు. కంటికి ఆనదు. కానీ 110 లింకులున్న చైన్ మొత్తానికి అది దాదాపు 28 మిల్లీమీటర్లు. అంత పెరిగిన చైన్‌ను బిగించాలంటే వెనక చక్రం 14 మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీద ఇరుసు పక్కన గీతలుంటాయి. కొత్త చైన్ వేసినప్పుడు ఇరుసు ఏ గీత దగ్గరుందో రాసి పెట్టుకుంటే, ఎప్పుడు చూసినా చైన్ ఎంత అరిగిందో ఆ గీతలే చెబుతాయి. ఇంత సులువైన లెక్కను బండి కొన్న రోజే ఎవరో ఒకరు మనకు చెప్పాల్సింది.

లింకులు కోయడం ఎందుకు తప్పో ఇప్పుడు తేటపడుతుంది. రెండు లింకులు తీసేస్తే చైన్ పొట్టిదవుతుంది. మిగిలిన లింకులన్నిటి మధ్య దూరం మాత్రం పెరిగినట్టే ఉంటుంది. పళ్ల చక్రం మీద పళ్ల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లకు కోసింది, 2 శాతం సాగిన చైన్‌లో పిన్నుల మధ్య దూరం 12.95. రెండూ కలవవు. రోలర్లు పంటి గుంటలో కూర్చోకుండా పైకి ఎక్కుతాయి. అన్ని పళ్ల మీద పరుచుకోవాల్సిన బరువు ఒకటి రెండు పళ్ల మీద పడుతుంది. ఆ పళ్లు ఒక పక్కకు కొక్కేల్లా వంగి అరుగుతాయి. గతుకులో పడినప్పుడో, బరువుతో ఎత్తెక్కుతున్నప్పుడో చైన్ పళ్ల మీదుగా దుముకుతుంది, లేదా తెగుతుంది. తెగిన చైన్ ముందు పళ్ల చక్రం, అంటే ముందు సాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుంటే ఇంజన్ కేసు పగలొచ్చు. వెనక చక్రంలో ఇరుక్కుంటే చక్రం పట్టేసి మనిషి కింద పడతాడు. రెండు లింకులు కోసి మిగుల్చుకున్న డబ్బు ఇంజన్ కేసు ఖర్చు ముందు ఏ మూలకూ రాదు.

టేపుతో లెక్క

చైన్ పక్క పలకల మీద చిన్న అక్షరాలతో ఒక సంఖ్య గుద్ది ఉంటుంది. మన ఊరి బండ్లలో ఎక్కువగా 428 కనిపిస్తుంది, కొన్నిటికి 420, పెద్ద బండ్లకు 520. మొదటి అంకె 4 అయితే పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం. 5 అయితే అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు, అంటే 15.875 మిల్లీమీటర్లు. తర్వాతి రెండంకెలు వెడల్పును చెబుతాయి.

అర అంగుళం చైన్‌కు లెక్క ఇట్టే గుర్తుంటుంది. 24 లింకులు సరిగ్గా ఒక అడుగు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గేరులో వేసి, తిరుగుతున్న చైన్‌ను గుడ్డతో తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చైన్‌తో ఏ పని చేసినా ఇంజన్ ఆగి ఉండాలి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. కవరు ఉంటే కింది సగం విప్పండి. చైన్‌ను బిగువుగా లాగి పట్టుకుని ఒక పిన్ను మధ్యలో టేపు సున్నా పెట్టండి. ఆ పిన్నును సున్నాగా అనుకుని తర్వాతి పిన్ను నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడుతూ 24వ పిన్ను మధ్య దాకా కొలవండి.

కొత్త చైన్ అయితే 304.8 మిల్లీమీటర్లు రావాలి. 308 దాటితే కొత్త సెట్టుకు డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. 311 వచ్చిందంటే 2 శాతం అరిగింది, ఇక మార్చాల్సిందే. 520 చైన్‌కు 20 లింకులు కొలవండి. కొత్తదానికి 317.5 వస్తుంది, 324 వస్తే మార్చాలి. మీ బండి మాన్యువల్‌లో ఇంతకంటే తక్కువ హద్దు ఉంటే అదే పాటించండి. చక్రాన్ని తిప్పి చైన్‌ను మూడు చోట్ల కొలవండి, ఎక్కువ వచ్చిన అంకెనే నమ్మండి. చైన్ అన్ని చోట్లా ఒకేలా అరగదు.

టేపు లేని చోట ఇంకో పరీక్ష ఉంది. వెనక సాకెట్‌కు సరిగ్గా వెనక వైపున ఉన్న లింకును రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగండి. చైన్ పైకి లేచి సగం పన్నుకంటే ఎక్కువ బయటపడితే చైన్ అయిపోయినట్టే. ఈ పరీక్ష దారిలో ఎక్కడైనా చేయొచ్చు. పాత బండి కొనేటప్పుడు పెయింటు చూసే ముందు ఇది చేయండి.

దుమ్ము

రామకుప్పం, కుప్పం పరిసరాల మట్టి గురించి ఒక్కమాట. ఇది గ్రానైటు నేల. కుప్పం గ్రీన్ అనే పేరున్న రాయి ఈ ప్రాంతానిదే. గ్రానైటు పొడి అయినప్పుడు మిగిలే ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిపరచిన ఉక్కును కూడా అది గీకగలదు. క్వారీల పక్కన, ఎర్రమట్టి బాటల మీద లేచే దుమ్ము చైన్ మీది జిడ్డుకు అంటుకుని, నెమ్మదిగా సందుల్లోకి పోతుంది. అక్కడ జిడ్డూ ఇసుకా కలిసి సానరాయిలా పనిచేస్తాయి. తారు రోడ్డు మీద తిరిగే బండికీ, ఇక్కడి బండికీ చైన్ ఆయుష్షులో తేడా వచ్చేది ఇందువల్లే. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లను మనం యథాతథంగా తీసుకోలేం. మన మట్టికి తగ్గట్టు తగ్గించుకోవాలి.

అందుకే గ్రీజు పూయవద్దంటాను. చైన్ మీద మందంగా గ్రీజు పట్టిస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది. కానీ ఆ గ్రీజు పిన్ను దాకా పోదు. బయటే ఉండి దుమ్మును పట్టుకుంటుంది. ఇంజన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ పోయడం ఇంకా చెడ్డ అలవాటు. అందులో ఇంజన్ అరిగి రాలిన ఇనుప రజను ఉంటుంది, మసి ఉంటుంది. దాన్ని చైన్‌కు పోయడమంటే చేతులారా అరగదీయడమే. షాపులో ఉచితంగా దొరుకుతుంది కదా అని దాన్ని తీసుకోకండి.

90 నంబరు గేర్ ఆయిల్ అడగండి, లేదా చైన్ స్ప్రే. గేర్ ఆయిల్ చిన్న డబ్బా తెస్తే నెలల తరబడి వస్తుంది. దాన్ని వేసే పద్ధతి డబ్బా ధరకంటే ముఖ్యం. బండి పది కిలోమీటర్లు తిరిగొచ్చాక చైన్ కాస్త వెచ్చగా ఉంటుంది, నూనె పలచబడి లోపలికి పోతుంది. ముందు కిరసనాయిలు లేదా చైన్ క్లీనర్‌తో తడిపిన మెత్తటి బ్రష్షుతో మట్టి తీయండి. ఇనుప తీగల బ్రష్షు వాడవద్దు. పొడి గుడ్డతో తుడిచి, చైన్ కింది వరుసకు లోపలి వైపున, అంటే పళ్లకు తగిలే వైపున నూనె పడేలా చక్రం చేత్తో తిప్పుతూ చుక్కలు వేయండి. చక్రం తిరిగినప్పుడు నూనె లోపలి నుంచి బయటికి విసిరినట్టు పోతుంది, దారిలో సందులన్నీ తడుస్తాయి. బయటి వైపున పోస్తే ప్యాంటుకూ రిమ్ముకూ పోతుంది. పది నిమిషాలు ఆగి, పైన మిగిలిన నూనెను గుడ్డతో తుడిచేయండి. తుడవడం మానవద్దు. నూనె ఉండాల్సింది లోపల. పైన పొడిగా ఉంటేనే దుమ్ము పట్టదు.

ఇది ఎన్ని రోజులకు ఒకసారి? మట్టి రోడ్ల మీద 500 కిలోమీటర్లకు ఒకసారి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే పాల బండికి అది పదమూడు రోజుల్లో వచ్చేస్తుంది. నెలకు రెండు ఆదివారాలు అనుకుంటే మరిచిపోరు. వానాకాలంలో వంక దాటినా, చెరువు కట్ట మీద బురదలో పడి వచ్చినా ఆ పూటే కడిగి, ఆరబెట్టి, నూనె వేయాలి. రాత్రంతా తడిగా వదిలేస్తే తెల్లవారికి తుప్పు కనిపిస్తుంది. వాటర్ సర్వీసులో నీళ్ల గొట్టాన్ని సూటిగా చైన్ మీదకు పట్టనివ్వకండి. ఆ ఒత్తిడికి ఉన్న నూనె కొట్టుకుపోయి, ఆ చోట నీళ్లు చేరతాయి. బండి మెరుస్తూ ఇంటికొస్తుంది, చైన్ ఎండిపోయి వస్తుంది.

కొన్ని పెద్ద బండ్లకు లింకుల మధ్య సన్నని రబ్బరు వలయాలుండే ఓ-రింగ్ చైన్ వస్తుంది. దాని లోపల ఫ్యాక్టరీలోనే గ్రీజు పెట్టి మూసేస్తారు. పెట్రోలుతోనూ, గట్టి బ్రష్షుతోనూ దాన్ని కడిగితే రబ్బరు చెడుతుంది, లోపలి గ్రీజు పోతుంది. అలాంటి చైన్‌కు ఓ-రింగులకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న స్ప్రేలే వాడండి.

స్ప్లెండర్ లాంటి బండ్లకు చైన్‌ను పూర్తిగా మూసే ఇనుప కవరు ఉంటుంది. శబ్దం చేస్తోందనో, మెకానిక్ విప్పి మళ్లీ పెట్టలేదనో దాన్ని మూల పడేసిన ఇళ్లు చూస్తుంటాను. మన దుమ్ములో ఆ కవరు చైన్‌కు సగం ఆయుష్షు. బోల్టు పోతే కొత్తది వేయించండి, సొట్ట పడితే తట్టించండి. చైన్ వదులు చూడటానికి కవరుకే చిన్న రబ్బరు మూత ఉంటుంది, దానికోసం అంతా విప్పక్కర్లేదు.

వదులు ఎంత ఉండాలి, ఎప్పుడు చూడాలి

బరువులు మోసేవాళ్లకు అన్నిటికంటే అవసరమైన సంగతి ఇక్కడ ఉంది. మామూలుగా మన చిన్న బండ్లకు కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలంటారు. మీ బండి సంఖ్య మాన్యువల్‌లో ఉంటుంది. స్టాండ్ మీద ఖాళీ బండికి చెప్పిన లెక్క అది. క్యాన్లు తగిలించి, మనిషి కూర్చున్నాక షాక్ అబ్జార్బర్లు దిగుతాయి, వెనక ఇరుసు పైకి జరుగుతుంది. ఇంజన్ సాకెట్, స్వింగ్ ఆర్మ్ మూల బోల్టు, వెనక ఇరుసు ఒకే వరుసకు వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. ఖాళీ బండికి టంగుమనేలా బిగించిన చైన్ బరువుతో గతుకులో పడినప్పుడు తీగలా లాగుతుంది. ఆ లాగుడు ఇంజన్‌లో సాకెట్ ఇరుసు బేరింగు మీద పడుతుంది, వెనక హబ్బు బేరింగు మీదా పడుతుంది. బిగుతుగా ఉంటే గట్టిగా ఉన్నట్టే అనుకోవడం చైన్ విషయంలో తప్పు. కాస్త వదులుకంటే అతి బిగువు ఎక్కువ నష్టం చేస్తుంది.

కాబట్టి ఖాళీ బండికి సరిచేశాక, రోజూ మోసే బరువంతా కట్టి, బండి మీద ఒకరిని కూర్చోబెట్టి, ఇంకొకరు చైన్‌ను వేలితో కదిపి చూడాలి. అప్పుడు కూడా కొద్దిగా కదలాలి. కదలకపోతే వదులు పెంచండి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూస్తే చైన్ ఒక చోట బిగుతుగా, ఒక చోట వదులుగా తగులుతుంది. కొలత బిగుతుగా ఉన్న చోట తీసుకోవాలి.

బిగించేటప్పుడు రెండు వైపుల గీతలూ సమానంగా ఉండాలి. ఒక వైపు ఒక గీత ఎక్కువైతే చక్రం వంకరగా కూర్చుని చైన్ పళ్ల పక్కలను గీకుతుంది. వెనక నుంచి వంగి చైన్ వెంట ముందుకు చూస్తే వంకర కనిపిస్తుంది. చక్రం వెనక్కి జరిగినప్పుడు డ్రమ్ము బ్రేకు కడ్డీ కూడా లాగుతుంది. చైన్ సరిచేశాక బ్రేకు పెడల్ వదులు చూడకుండా బండి కదిలిస్తే, బ్రేకు పట్టుకునే నడుస్తుంది, వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది. మైలేజీ పడిపోయిందని ఇంజన్ పని చేయించుకున్నవాళ్ల బండ్లలో అసలు లోపం చాలాసార్లు ఇదే.

మార్చేటప్పుడు మూడూ

టేపు 311 చెప్పాక వాయిదా వద్దు. మార్చేటప్పుడు చైన్, ముందు సాకెట్, వెనక సాకెట్ మూడూ కలిపి మార్చాలి. పాత పళ్లు పాత చైన్ సాగుదలకు తగ్గట్టు అరిగి ఉంటాయి. వాటి మీద కొత్త చైన్ వేస్తే అది కొద్ది నెలల్లోనే పాతదానిలా తయారవుతుంది. ముందు సాకెట్ చిన్నది, పళ్లు తక్కువ, ఒక్కో పన్ను వెనకదానికంటే మూడు రెట్లు ఎక్కువసార్లు చైన్‌ను మోస్తుంది. అందుకే అది ముందుగా అరుగుతుంది, కవరు లోపల ఉండటంతో ఎవరికీ కనపడదు. "చైన్ ఒక్కటే వేయన్నా చాలు" అని అడగవద్దు.

సెట్టు కొనేటప్పుడు పాత సాకెట్ల పళ్లు మీరే లెక్కపెట్టి, కొత్తవీ అంతే ఉన్నాయో చూసుకోండి. కొండ ఎక్కడానికి బలం కావాలని వెనక పళ్లు పెంచేవాళ్లున్నారు. లాగుడు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. తెలిసి చేసుకుంటే తప్పులేదు, తెలియక వేయించుకుంటే నష్టం. మనకు పక్కనే తమిళనాడులో చైన్లు తయారుచేసే పెద్ద కంపెనీలున్నాయి. రోలాన్ పేరుతో అమ్మే ఎల్జీ బాలకృష్ణన్ కోయంబత్తూరుది, డైమండ్ చైన్లు చేసే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చెన్నైది. మన ఎక్సెల్‌లు తయారయ్యే టీవీఎస్ ఫ్యాక్టరీ కూడా సరిహద్దు దాటితే హోసూరులోనే ఉంది. 1980లో టీవీఎస్ 50 బయటికొచ్చినప్పటి నుంచి ఈ పల్లెల బరువు మోస్తున్నది ఆ వంశమే. ఇంత దగ్గర అసలు సరుకు తయారవుతుంటే పేరులేని సెట్టు కొనడం అనవసరం. పెట్టె మీద ఎమ్మార్పీ, కంపెనీ ముద్ర, చైన్ పలకల మీద గుద్దిన పేరు మూడూ చూసి, బిల్లు తీసుకోండి.

వేయించేటప్పుడు పక్కన నిలబడండి. వెనక హబ్బులోని రబ్బర్లు బయట పడతాయి. అవి నలిగి, సాకెట్ చేత్తో ముందుకూ వెనక్కూ ఆడుతుంటే అప్పుడే మార్పించండి. ఆ రబ్బర్లు గేరు మార్చినప్పుడు వచ్చే కుదుపును మింగుతాయి. అవి లేకపోతే ఆ కుదుపు నేరుగా కొత్త చైన్‌కు తగులుతుంది. చైన్ రెండు కొసలను కలిపే లాక్‌కు యూ ఆకారపు క్లిప్పు ఉంటుంది. దాని మూసిన వైపు చైన్ కదిలే దిశకు ఉండాలి, నోరు తెరిచిన వైపు వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే ఏ రాయో తగిలి క్లిప్పు ఊడిపోతుంది. మీ కంటితో చూడండి, తప్పుగా ఉంటే మర్యాదగా చెప్పండి. మంచి మెకానిక్ ఎవరూ దానికి నొచ్చుకోరు.

కొత్త సెట్టు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటుంది, అప్పుడు ఒకసారి వదులు చూసుకోవాలి. మార్చిన తేదీ, మీటరు రీడింగు, ఇరుసు ఉన్న గీత ఒక చిన్న పుస్తకంలో రాయండి. పాలకేంద్రం లెక్కలు రాసే పుస్తకం చివరి పేజీ అయినా సరే. తర్వాతి సెట్టు ఎప్పుడు కావాలో మీ దారి, మీ బరువు, మీ మట్టి లెక్కన అదే చెబుతుంది. ఏ మెకానిక్కూ ఏ కంపెనీ పుస్తకమూ అంత కచ్చితంగా చెప్పలేవు. కొలత 308కి చేరిన నెల నుంచి పాల బిల్లు వచ్చిన ప్రతిసారీ కొంత తీసి పక్కన పెడితే, మార్చే రోజుకు అప్పు చేయక్కర్లేదు. టమోటా ధర బాగున్న వారంలో సెట్టు కొని ఇంట్లో పెట్టుకున్నా తప్పులేదు. పొడిగా ఉంచితే చెడిపోయే వస్తువు కాదు.

చీర, చున్నీ, చిన్న పాదం

ఈ సంగతి చెప్పకుండా అధ్యాయం ముగించలేను. బండి వెనక ఒక పక్కకు కూర్చునే ఆడవాళ్ల చీర కొంగు, చున్నీ, పిల్లల పాదాలు, మగవాళ్ల మెడలో తువ్వాలు చైన్‌లోనో చక్రంలోనో చిక్కుకుని జరిగే ప్రమాదాలు మన పల్లెల్లో కొత్త కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వది, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని మూసే రక్షణ ఉండాలని చెబుతుంది. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆసరా కూడా ఉండాలంటుంది. క్యాన్లు తగిలించడానికి అడ్డమని ఆ రక్షణను, అంటే సారీ గార్డును తీసేసిన బండి మీదే సాయంత్రం భార్యనో, తల్లినో కూర్చోబెట్టుకుని సంతకు వెళుతున్నాం. గార్డు ఉండగానే క్యాన్లు పట్టేలా స్టాండు చేయించుకోవచ్చు. వెల్డింగు షాపులో అడిగితే చేసిస్తారు. చైన్ కవరు, సారీ గార్డు రెండూ బండికి తిరిగి వచ్చేదాకా వెనక మనిషిని ఎక్కించుకోవద్దు.

ఈ ఆదివారం పాలు పోసి వచ్చాక, బండి వెచ్చగా ఉన్నప్పుడే, టేపు తీసుకుని కూర్చోండి. 24 లింకులు కొలవండి. వచ్చిన అంకెను, మీటరు రీడింగును రాసిపెట్టండి. మీ ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరి చేతా, కూతురు నడుపుతుంటే ఆమె చేత కూడా, ఒకసారి కొలిపించండి. అంకె 311కి చేరినా, దాటినా ఆ బండి మీద బరువు వేయకండి, సోమవారమే సెట్టు మార్పించండి.